గట్టు కారడం ఏ అలంకారం?

గట్టు కారుతోందని చెప్పడానికి కాలవల ఆఫీసుకి వెళ్ళాను. పది నిమిషాల పని అనుకున్నాను. తొమ్మిది రోజులు పట్టింది.

ముప్పై నాలుగేళ్ళు ఆ కాలవ మీద లస్కరుగా చేశాను. లస్కరంటే గట్టు మీద నడిచేవాడు. లాకు పలకలు ఎత్తుతాడు, దించుతాడు, ఎలకబొక్కలు పూడుస్తాడు. రిటైరయ్యి పదేళ్ళయినా పొద్దున్నే గట్టు మీద నడవడం మానలేదు.

గరువుపాలెం దగ్గర గట్టు ఎత్తు, ఊరు పల్లం. కాలవలో నీళ్ళు ఇళ్ళ చూరులకి సమానంగా పోతాయి. ఆ పల్లంలో ఇరవయ్యారు ఇళ్ళు. మొదటిది చంటమ్మది. ఆవిడ బాతులు పెంచుతుంది.

సోమవారం పొద్దున్న గట్టు అడుగున, చంటమ్మ బాతుల దడికి నాలుగు బారల దూరంలో నీళ్ళు ఊరుతున్నాయి. గట్టు కారడం కొత్త కాదు. తేటనీళ్ళు కారితే భయం లేదు. బురదనీళ్ళు కారితే లోపలి మట్టి కొట్టుకుపోతోందని లెక్క. ఇవి బురదనీళ్ళు.

ఇలాంటప్పుడు రెండు పనులు జరగాలి. పై లాకు దగ్గర రెండు పలకలు దించి కాలవ మట్టం అడుగున్నర తగ్గించాలి. రెండు లారీల ఎర్రమట్టి తెచ్చి గట్టు కట్టాలి. లాకు తాళం ఆఫీసుది. మట్టి ఆఫీసుది. అందుకని వెళ్ళాను.

ఆఫీసులో పాత కౌంటరు మీద కొత్త బోర్డు ఉంది. ‘అలంకార నిర్ధారణ విభాగము’ అని. దాని వెనక కామేశం కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వెంట లాకు దగ్గరికి వచ్చి నా బువ్వ తిన్న కామేశమే.

“ఏంటి తాతగారూ, ఇలా వచ్చారు?”

“గట్టు కారుతోంది.”

“ఏ అలంకారం?”

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు.

“గట్టు,” అన్నాను మళ్ళీ.

“గట్టు సరేనండి. మీరన్న మాటలో అలంకారం ఏదని అడుగుతున్నాను. మీకు జీవో సంగతి తెలీదేంటి?”

తెలీదన్నాను. చెప్పాడు. రెండేళ్ళ కింద ఎవరో వానాకాలంలో మా వీధి ఏరైపోయింది బాబూ అని అర్జీ పెట్టారట. అప్పటి అధికారి ఆ మాట నమ్మి, వీధిని ఏర్ల జాబితాలో ఎక్కించాడు. ఏటి మధ్యలో ఇళ్ళు కట్టకూడదు కనక ఆ వీధిలో వాళ్ళందరికీ ఖాళీ చెయ్యమని నోటీసులు ఇచ్చాడు. పెద్ద గొడవ. విచారణ సంఘం వేశారు. తప్పు అధికారిది కాదు, అర్జీదారుదని తేల్చారు. అది రూపకాలంకారమని అర్జీలో ముందే రాసి ఉంటే ఇంత జరిగేది కాదట. అప్పట్నుంచి ప్రతి అర్జీదారూ తన అర్జీలో ఏ అలంకారం వాడాడో రాసి, దాని లక్షణం చెప్పి, సంతకం పెట్టాలి.

“నేనేం వాడలేదు,” అన్నాను.

“అలా అనకూడదండి. అలంకారం లేని విన్నపం స్వీకరించబడదు. మూడో పేరా.” కాగితం ఇచ్చాడు. “ఇదిగో ఉపమాలంకారం ఫారం. అన్నిట్లోకీ సులువైంది. నాలుగే గళ్ళు.”

మొదటి గడి ఉపమేయం. అంటే దేని గురించి చెబుతున్నామో అది. గట్టు అని రాశాను. రెండోది ఉపమానం. దేనితో పోలుస్తున్నామో అది. గట్టుని దేనితో పోలుస్తాం? గట్టు అని రాశాను. మూడోది సమాన ధర్మం. రెండింటికీ ఉన్న గుణం. కారడం అని రాశాను. నాలుగోది ఉపమావాచకం. వలె, లాగ, అలాంటిదేదో రాయాలట. వలె అని రాశాను.

కామేశం చదివి కుర్చీలోంచి లేచాడు.

“గట్టు గట్టు వలె కారుచున్నది! తాతగారూ, ఎంత పని చేశారు! ఇది అనన్వయాలంకారం!”

పక్క బల్లల వాళ్ళు కూడా వచ్చి చూశారు. ఒక వస్తువుని దానితోనే పోలిస్తే అనన్వయమట. దానికి సాటి మరొకటి లేదని చెప్పడమట. ఎవరు చదువు చెప్పారని అడిగారు. మూడో తరగతితో ఆపేశానన్నాను. సహజ కవి అన్నారు. టీ తెప్పించారు. తాగి వచ్చేశాను.

బుధవారం ఉత్తరం వచ్చింది. చంటమ్మ కూతురు చదివింది.

‘మహాశయా, మా శాఖ వారి గట్టుకు సాటి మరియొక గట్టు లేదని తమరు అనన్వయాలంకార ముఖమున కొనియాడినందులకు ధన్యవాదములు. తమరి విన్నపము ప్రశంసల దస్త్రమునందు భద్రపరచబడినది.’

చంటమ్మ దడి అవతల నుంచి విన్నది.

“ఏవండీ బావగారూ, గట్టు బాగుందని రాసొచ్చారా?”

“లేదు.”

“మరేం రాశారు?”

“గట్టు.”

“మీ నోట్లో మాట కాలవ చివరి చేలో నీళ్ళండి. అందరికీ అందాక మిగిల్తే వస్తది. రెండు మాటలు గట్టిగా చెప్పి రాలేరా? మీరు మాటలు పొదుపు చేస్తే మా ఇరవయ్యారు కొంపలూ తేలిపోతాయి!”

వెళ్ళి చూశాను. సోమవారం నా బొటనవేలంత ఉన్న బొక్క చెంబు మూతంత అయింది. నీళ్ళతో ఇసక కూడా లేచి చుట్టూ కుప్ప పడుతోంది. మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను.

“అది పొగడ్త కాదు,” అన్నాను.

కామేశం నొచ్చుకున్నాడు. “వెనక్కి తీసుకుంటారా? మా పెద్దాయన చాలా సంతోషించారండి. సరే, ఏం చెప్పాలో చెప్పండి, నేనే అలంకారం చూస్తాను.”

“గట్టు తెగుతుంది.”

“తెగిందా?”

“ఇంకా లేదు.”

“జరగనిది జరుగుతుందని ఊహించి చెప్పడం. ఉత్ప్రేక్ష! దానికి ఊహల విభాగం వేరే ఉందండి, ముప్పై రోజుల్లో ఊహ సమంజసమా కాదా అన్నది తేలుస్తారు.”

“బురదనీళ్ళు కారుతున్నాయి. అది ఊహ కాదు.”

“మరేంటి?”

“ఉన్నది ఉన్నట్టు.”

కామేశం లేచి లోపలికి వెళ్ళి పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆయన పేరు చక్రధర్ గారు. అలంకారాధికారి. జరీ కండువా వేసుకున్నారు. కంఠం మంచిది.

“ఉన్నది ఉన్నట్టు చెప్పెదనని పలికినవారు తమరేనా?”

“అవునండి.”

“దానిని స్వభావోక్తి అందురు. ఒక వస్తువు యొక్క జాతి, గుణ, క్రియలను ఉన్నవి ఉన్నట్లు వర్ణించుట. పెద్దవారు, చెప్పుచున్నాను వినండి. అలంకారములలోకెల్ల మిక్కిలి కఠినమైనది. ఈ కార్యాలయమున ఇంతవరకు ఎవ్వరును దానిని ప్రయోగించియుండలేదు.”

“అర్జీదారులా సార్?” అన్నాడు కామేశం.

“అధికారులు సైతము,” అన్నారు చక్రధర్ గారు.

దానికి ముద్ర కూడా లేదట. చేయించాలి. కమిటీ వెయ్యాలి. కమిటీ చోటుకి వచ్చి చూడాలి. చూసినది నేను చెప్పినట్టే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. వచ్చే మంగళవారం వస్తామన్నారు.

“ఈలోగా రెండు పలకలు దించండి,” అన్నాను.

“కుదరదు. జలమట్టము తగ్గినచో వస్తువు యొక్క స్వభావము మారిపోవును. మేము వచ్చి చూచునాటికి తమరు వర్ణించిన గట్టు వేరు, ఉన్న గట్టు వేరు అగును. తమరి స్వభావోక్తికే భంగము. మీ మేలు కోరియే చెప్పుచున్నాను.”

మంగళవారం దాకా గట్టు ఆగుతుందో లేదో చెప్పలేనన్నాను. అది ఉత్ప్రేక్ష అన్నాడు కామేశం.

గురువారం చంటమ్మ తానే బయల్దేరింది. మీ వల్ల కాదుగానీ నేను చెబుతాను చూడండి అంది. కూతురి చేత అర్జీ రాయించింది. నాకూ వినిపించింది.

‘అయ్యా, ఏడు సముద్రాలూ లేచి వచ్చి మా చూరు పట్టుకు వేలాడుతున్నాయి. మా బాతులు ఏడ్చిన ఏడుపుకి కాలవ మూడడుగులు పెరిగింది. బ్రహ్మదేవుడు మా నుదుటి మీద రాసిన రాత కూడా తడిసి చెరిగిపోయింది. ఇప్పుడు మేం ఎవరి రాత బతుకుతున్నామో మాకే తెలీడం లేదు.’

“ఎలా ఉంది బావగారూ?”

“బాతులు ఏడవవు.”

“అదేనండి మీతో వచ్చిన చిక్కు!”

ఆ అర్జీ ఒక్కపూటలో అన్ని బల్లలూ దాటింది. అతిశయోక్తి అలంకారం, మొదటి శ్రేణి అని ముద్ర పడింది. శనివారం పొద్దున్న పిలిపించారు. నేనూ తోడు వెళ్ళాను. ఆఫీసు హాల్లో కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. చక్రధర్ గారు అర్జీని రాగం తీసి చదివారు. నుదుటి రాత దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఈ సంవత్సరానికి ఉత్తమ విన్నపం అన్నారు. చంటమ్మకి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు అయ్యాక చంటమ్మ మైకు ముందే అడిగింది.

“శాలువా బాగుందండి బాబూ. మట్టి ఎప్పుడు పంపుతారు?”

“ఏ మట్టి అమ్మా?”

“గట్టుకండి. పలకలు కూడా దించాలంట.”

చక్రధర్ గారు చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

“అమ్మా, ఇది అతిశయోక్తి. అనగా ఉన్నదానిని మించి చెప్పుట. ఉన్నదానిని మించి చెప్పినదానిపై మేము చర్య తీసుకొనుట ఎట్లు? తీసుకొన్నచో చెప్పినది నిజమని ఒప్పుకొన్నట్లగును. అప్పుడది అతిశయోక్తి కాకుండా పోవును. మీ బహుమతి రద్దు చేయవలసి వచ్చును.”

“చేసెయ్యండి.”

“శాలువా కప్పిన పిదప వీలుకాదు. పదకొండవ పేరా.”

చంటమ్మ నా వైపు చూసింది. ఎప్పుడూ ఆవిడ దగ్గర మాట అయిపోవడం చూడలేదు. ఆ పూట చూశాను. ఊరి మొదట్లోకి వచ్చాక, “నిజం చెబితే నమ్మరు. కోతలు కోస్తే చప్పట్లు కొడతారు. ఇంకేం మిగిలిందండి చెప్పడానికి?” అంది.

“బస్తాలు,” అన్నాను.

ఆదివారం పొద్దున్నకి బొక్క పళ్ళెమంత అయింది. ఇసక బుడబుడ లేస్తోంది. కాలవ అవతలి ఒడ్డున నిలబడి చూస్తే గట్టు నడినెత్తిన చిన్న పల్లం కనబడింది. అంటే లోపల డొల్లవుతోంది.

ఊరంతా వచ్చారు. బొక్క మీద బస్తాలు వేసి మూసేద్దామన్నారు కుర్రాళ్ళు. వద్దన్నాను. కారే చోట నోరు మూయకూడదు. మూస్తే నీరు ఇంకోచోట తన్నుకొస్తుంది, అది మనకి కనబడదు. చుట్టూ బస్తాలు పేర్చి నూతి వరలాగా కట్టాలి. లోపల నీరు లేస్తుంది. లేచిన నీటి బరువు వచ్చే నీటిని అదుముతుంది. ఉరవడి తగ్గాక మట్టి రావడం ఆగుతుంది. ఇంత పొడుగు మాట నేను మాట్లాడి చాలా రోజులైంది. అందుకేనేమో అందరూ విన్నారు.

సరుగుడు రాటలు పాతాం. ఎండుగడ్డి మోపులు వేశాం. ఎరువు సంచుల్లో చెరువుమట్టి నింపి వరస మీద వరస పేర్చాం. సంచులు చాలకపోతే చంటమ్మ శాలువా తెచ్చింది. జరీ అంచు కింద పెట్టి మూడు తట్టల మట్టి దాంట్లో మూట కట్టాం. గట్టిగానే ఉంది. మధ్యాహ్నానికి వర నడుమెత్తు లేచింది. సాయంత్రానికి లోపలి నీళ్ళు తేటపడ్డాయి.

నేను చంటమ్మకి చెప్పాను. ఇది వారం ఆగుతుంది, రెండు వారాలు ఆగదు, కాలవ దించాలి, మట్టి పొయ్యాలి. ఆవిడ తల ఊపింది. బాతుల్ని మాత్రం గట్టు మీదికి తోలుకుపోయింది.

మంగళవారం కమిటీ వచ్చింది. కమిటీ అంటే చక్రధర్ గారు, కామేశం, కొత్త ముద్ర. చక్రధర్ గారు వర పక్కన నిలబడి గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి ఎండలో పెట్టి చూశారు.

“విన్నపమున ఏమని ఉన్నది?”

“‘బురదనీళ్ళు కారుతున్నాయి’ అని ఉంది సార్,” అన్నాడు కామేశం.

“ఇవి తేట నీళ్ళు.”

“మేం వర కట్టామండి,” అన్నాను. “అందుకని తేటపడ్డాయి.”

“కట్టితిరా!” ఆయన గ్లాసు కామేశానికి ఇచ్చారు. “పెద్దవారు, తమరు చేసినది ఎంతటి అపరాధమో ఎరుగుదురా? ఉన్నది ఉన్నట్లు చెప్పితినని వ్రాసి, ఉన్నదానిని లేనట్లు చేసితిరి. ఇక నేను దేనిని నిర్ధారించవలెను? గుణము మారినది. క్రియ మారినది. ప్రయోగభంగము!”

“గట్టు నిలబడింది సార్,” అన్నాడు కామేశం మెల్లగా.

“గట్టు ఎవరికి కావలెనయ్యా? ఆదేశము వ్రాయుము. అర్జీదారు ఈ బస్తాలను తక్షణమే తొలగించి, వస్తువునకు దాని పూర్వ స్వభావమును కల్పించవలెను. కమిటీ చూచును. బురద వచ్చినచో స్వభావోక్తి సిద్ధించును. అప్పుడు పలకలు దించుటకు సిఫారసు చేసెదను.”

“తియ్యను,” అన్నాను.

“తీయనిచో దస్త్రము మూతపడును. పలకలు దిగవు. మట్టి రాదు.”

చుట్టూ ఊరు నిలబడి ఉంది. నేను గట్టు పైకి చూశాను. నెత్తిన పల్లం ఆదివారం కంటే నాలుగు వేళ్ళు దిగింది. తియ్యకపోతే ఇంకో వారం. తీస్తే ఇప్పుడే.

చంటమ్మ ఇంట్లోకి వెళ్ళింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చింది. వరకి దిగువన, గట్టుకి ఎదురుగా, పల్లంలో వేసింది. కొంగుతో దులిపింది.

“కూర్చోండి బాబూ. పెద్దోళ్ళు, ఎండలో నిలబడితే ఎలా? ఇక్కడైతే బాగా కనబడతది. కామేశం, నువ్వూ కూర్చో నాయనా. మీరు కూర్చోగానే మా బావగారు బస్తాలు తీస్తారు. ఏం బావగారూ?”

నేను ఆవిడ మొహం చూశాను. వంగి పై వరసలో మొదటి బస్తా మీద చెయ్యి వేశాను.

చక్రధర్ గారు కూర్చున్నారు. కామేశం కూర్చోలేదు. వాడు లాకుల దగ్గర పెరిగినవాడు. కాయితాలు చంకలో పెట్టుకుని పక్కకి జరిగాడు.

“నీవేల కూర్చుండవు?” అన్నారు చక్రధర్ గారు.

“నించునే రాస్తానండి. గట్టు పైనుంచి రాస్తాను. అక్కణ్ణించి బాగా రాస్తాను.”

ఆయన కామేశం వెళ్ళడం చూశారు. ఊరు కూడా నెమ్మదిగా రెండు పక్కలా గట్టెక్కుతోంది. పల్లంలో ఆయనా నేనూ మిగిలాం. ఆయన పాదాల కింద నేల చెమ్మగా ఉంది. బూటు ఎత్తి చూసుకున్నారు.

“పెద్దవారు, ఒక్కమాట. తీసినచో ఏమగును?”

“వస్తుంది.”

“ఏది?”

“కాలవ.”

“ఎంతసేపటికి?”

“మీరు లేచేలోపు.”

“ఇది... ఇది ఉత్ప్రేక్ష కదా?”

“కాదండి.”

“పోనీ అతిశయోక్తియా?”

నేను బస్తా మూతి పట్టుకున్నాను. తియ్యాలని నాకు లేదు. ఆ సంగతి ఆయనకి తెలీదు. బస్తా సర్దుకోవడంలో కొంచెం కదిలి, సందులోంచి నీళ్ళు చిమ్మి ఆయన కండువా మీద పడ్డాయి. తేట నీళ్ళే. చల్లగా ఉంటాయి.

ఆయన లేచారు. కుర్చీ పడింది. గట్టు ఎక్కడానికి ఆయనకి మెట్లు కూడా అవసరం కాలేదు. పైకి చేరకుండానే అరిచారు.

“కామేశం! ఫోన్ చెయ్యి! పలకలు దించమను! ఇప్పుడే దించమను!”

“సార్, ఏ అలంకారమని రాయమంటారు?”

“నీ మొహం! ముందు దించమనరా!”

గంటలో కాలవ మట్టం తగ్గడం మొదలైంది. గురువారం రెండు లారీల ఎర్రమట్టి వచ్చింది. గట్టు తవ్వి, డొల్ల తీసి, ఊరంతా వరసలో నిలబడి తడిమట్టి వేసి తొక్కడం మొదలుపెట్టాం. బుడబుడ ఆగింది. చంటమ్మ బాతుల్ని దింపింది.

పని మధ్యలో కామేశం సైకిలేసుకుని వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

“తాతగారూ, మీరే కాపాడాలి. పెద్దాయన ఆవేళ గట్టు మీద అలంకారం లేకుండా ఉత్తర్వు ఇచ్చేశారు. ‘ముందు దించమనరా’ అన్నారు. పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. మూడు రోజులై పుస్తకాలన్నీ తిరగేశాం, అది ఏ అలంకారంలోనూ ఇమడడం లేదు. పలకలు దించడం చెల్లదంటున్నారు. మళ్ళీ ఎత్తమంటున్నారు. మీరు సాక్షి. ఆయన ఆ మాట ఎలా అన్నారో మీరు చెప్పండి.”

తొక్కడం ఆపాను. అందరూ ఆపారు.

“భయపడి అన్నారు,” అన్నాను.

కామేశం నోరు తెరిచాడు. తర్వాత ఎగిరి గంతేశాడు.

“భయానకం! అలంకారం కాదు తాతగారూ, అది రసం! నవరసాల్లో ఒకటి! రసానికి మా జీవో వర్తించదు. రసాల విభాగం జిల్లా ఆఫీసులో ఉంది. దస్త్రం అక్కడికి పంపేస్తాం!”

“వాళ్ళెన్నాళ్ళకి తేలుస్తారు నాయనా?” అంది చంటమ్మ.

“ఆ విభాగానికి ఇంకా ఎవర్నీ వెయ్యలేదండి. పదేళ్ళు పట్టొచ్చు. అందాకా పలకలు ఎలా ఉన్నవి అలాగే ఉండాలి, ముట్టుకోకూడదు.”

నా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. మట్టి ఆరిపోతోంది. నీళ్ళు చల్లి మళ్ళీ తొక్కాం.